వైరు మార్చాలా, బ్యాటరీ పెట్టాలా: నల్గొండలో ఒక రోడ్డు సైకిలు, 18 నెలల జాబ్ కార్డులు

నల్గొండ గడియారం సెంటర్‌కు కూతవేటు దూరంలో మా షాపు ఉంది. మా నాన్న కాలంలో అది గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చే షాపు. ఇప్పుడు సగం జాగా పిల్లల సైకిళ్లకు, మిగతా సగం గేర్ల సైకిళ్ల సర్వీసుకు పోయింది. ఈ మధ్య నాలుగైదేళ్లుగా షాపుకు వచ్చేవాళ్లు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: రోడ్డు సైకిలుకు కేబులు గేర్లు తీసేసి బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ గేర్లు పెట్టించుకుంటే, పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుందా? దీనికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పడం నాకు ఎప్పుడూ కుదరలేదు. అందుకని ఒకే సైకిలుకు సంబంధించిన జాబ్ కార్డులు, అంటే ఏ రోజు ఏ రిపేరు చేశానో షాపులో రాసుకునే కార్డులు, అన్నీ ముందు వేసుకొని, మొదటి ఫిర్యాదు వచ్చిన రోజు నుంచి ఇప్పటిదాకా ఏం జరిగిందో, మధ్యలో నేను ఎక్కడ తప్పు చేశానో రాస్తున్నాను.

సైకిలు యజమాని ఒక జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే లెక్చరరు, వయసు 46. ఆయన అనుమతితోనే రాస్తున్నాను కానీ పేరు రాయడం లేదు. సైకిలు కంపెనీ పేరు, అందులో మొదట ఉన్న గేర్ల కంపెనీ పేరు కూడా రాయను. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఒక్క కంపెనీ సరుకులోనే ఉన్నాయన్న అపోహ కలగడం నాకు ఇష్టం లేదు. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందు పెడళ్ల దగ్గర 50, 34 పళ్ల చైన్‌రింగులు, వెనుక 11 నుంచి 32 పళ్ల వరకు పదకొండు స్ప్రాకెట్ల (పళ్ల చక్రాల) క్యాసెట్, ఫ్రేము లోపలి నుంచి పోయే గేరు కేబుళ్లు: ఇదీ సైకిలు స్వరూపం. మొదటిసారి నా దగ్గరికి వచ్చేనాటికి అది సుమారు 11,000 కిలోమీటర్లు తిరిగి ఉంది.

సార్ ఏడాదికి 9,000 కిలోమీటర్ల దాకా తొక్కుతారు. మామూలు రోజుల్లో పొద్దున్నే నార్కట్‌పల్లి వైపో, పానగల్లు ఉదయసముద్రం వైపో వెళ్లి వస్తారు, ఆదివారాలు నాగార్జునసాగర్, చలికాలంలో బ్రెవేలు. బ్రెవే అంటే పోటీ కాదు, గడువు లోపల పూర్తి చేయవలసిన దూరపు సవారీ: 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఈ నాలుగూ ఒకే సీజన్లో పూర్తి చేసినవారిని సూపర్ రాండోనియర్ అంటారు. ఈ గడువుల సంగతి ముందే చెప్పడానికి కారణముంది: ఇలా తొక్కేవాడికి గేరు పడటం అన్నది సెకన్ల లెక్క కాదు, రాత్రి రెండు గంటలకు, ఇంటికి 150 కిలోమీటర్ల దూరంలో కూడా అది పడుతుందా లేదా అన్నదే లెక్క.

మొదటి ఫిర్యాదు

జూలై చివరి వారంలో సైకిలును స్టాండుకు ఆనించి ఆయన అన్న మాటలు నా కార్డు మీద అలాగే ఉన్నాయి: "గేరు ఎక్కుతలేదు తమ్మీ, ఎక్కినా నిలుస్తలేదు. ఈ వైర్ల గోస నాకొద్దు, బ్యాటరీది ఎయ్యి."

నేను ముందు హ్యాంగర్ గేజ్ తీశాను. గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే వెనుక డిరైలర్‌ను, అంటే మేము ఆర్‌డీ అని పిలిచేదాన్ని, ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్కే హ్యాంగర్. సైకిలు కుడివైపు పడితే ఫ్రేము విరగకుండా తాను వంగేట్టు దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. గేజ్‌ను హ్యాంగర్ మరలో బిగించి, రిమ్ము చుట్టూ నాలుగు చోట్ల దూరం కొలిచి చూస్తే తేడా తెలుస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే సరిపెట్టుకోవచ్చు. సార్ సైకిలుకు తొమ్మిది వచ్చింది. ఎప్పుడు పడిందని అడిగితే పడలేదన్నారు. ఆ తరువాత కొంచెం ఆలోచించి, కాలేజీ షెడ్డులో ఎవరి బైకో ఒరిగిందని ఒప్పుకున్నారు.

రెండో సమస్య కేబులుది. ఆర్‌డీ దగ్గర చిన్న వంపు తిరిగే ఔటర్ (కేబులు పైతొడుగు) ముక్కను కోసి చూస్తే లోపల బూడిదరంగు ముద్ద గట్టిపడి ఉంది. మన ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. నాట్ల కాలంలో కేజ్‌వీల్ ట్రాక్టర్లు పొలం బురదను రోడ్డు మీదికి తెస్తాయి, అది ఎండి దుమ్మవుతుంది, ఆ దుమ్ము చైన్ ఆయిల్‌తో కలిసి సాన రాయి పొడిలా పనిచేస్తుంది. దానికి తోడు బోరు నీళ్లతో కడిగితే, ఆ నీటిలోని ఉప్పు ఔటర్ కొసన తెల్లగా పేరుకుంటుంది. సార్ సైకిలును ఎంతో శ్రద్ధగా, వారానికి రెండుసార్లు, బోరు నీళ్లతోనే కడుగుతున్నారు.

ఇంత చిన్న మట్టికి గేరు ఎందుకు తప్పుతుందో కూడా చెప్పాలి. పదకొండు స్ప్రాకెట్ల క్యాసెట్‌లో ఒకదానికీ పక్కదానికీ మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్ల కన్నా తక్కువ. లీవరు ఒక్క క్లిక్కుకు లాగే కేబులు మూడు మిల్లీమీటర్ల లోపే. ఆ మూడింటిలో అర మిల్లీమీటరు ఔటర్‌లోని రాపిడికో, వంగిన హ్యాంగర్‌కో పోయిందంటే, గొలుసు రెండు పళ్ల చక్రాల మధ్య ఊగిసలాడుతుంది. గేర్ల సంఖ్య పెరిగే కొద్దీ ఈ వెసులుబాటు ఇంకా తగ్గుతూ వచ్చింది. వెనుక ఏడు చక్రాలున్న పాత సైకిలు ఇంతకు రెండింతల మట్టితో కూడా నెట్టుకొస్తుంది.

ఎలక్ట్రానిక్ గేరులో ఈ కేబులు ఉండదు. లీవరు మీద బటన్ నొక్కితే ఆర్‌డీ లోని చిన్న మోటారు, తనకు ముందే గుర్తు చెప్పిన చోటికి గొలుసును తీసుకుపోతుంది. రాపిడి లేదు, సాగడం లేదు, మట్టి పట్టే గొట్టం లేదు. కాని ఆ మోటారు కూచునేదీ అదే హ్యాంగర్ మీద. హ్యాంగర్ వంగితే, తనకు గుర్తున్న చోటికే సరిగ్గా పోయి, తప్పు చోట నిలుస్తుంది. ఈ ముక్కే ఆ రోజు సార్‌కు చెప్పాను. హ్యాంగర్ సరిచేసి, ఔటర్ ముక్క మార్చి, అరిగిన గొలుసు స్థానంలో కొత్తది వేసి, కేబులు బిగువును సవరించే బ్యారెల్ అడ్జస్టర్ రెండు సార్లు తిప్పి ఇచ్చాను. గేర్లు వరుసగా, టక్కుటక్కుమని పడ్డాయి. బిల్లు 3,000 లోపే. అప్పటికి ఆయన బ్యాటరీ మాట మరిచిపోయారు.

నా పొరపాటు

ఆ రోజు నేను ఇన్నర్ కేబులును, అంటే ఔటర్ లోపలి తీగను, వెనుక కొస నుంచి చూశాను, శుభ్రంగా ఉంది, వదిలేశాను. లీవరు లోపల ఉన్న కొసను చూడలేదు. చూడవలసింది అక్కడే. హ్యాండిల్ టేపు కింది నుంచి కేబులు పోయే రకం లీవర్లలో, లోపలి చిన్న డ్రమ్ము చుట్టూ కేబులు చాలా ఇరుకైన వంపు తిరుగుతుంది. ప్రతి గేరుకూ అదే చోట వంగి, అదే చోట నిలువు కావడం వల్ల ఒక్కొక్క పోగూ అలసి తెగుతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఎక్కువగా వాడే లీవరు కనుక కుడివైపుదే ముందు పోతుంది.

డిసెంబరులో సార్ హైదరాబాద్ నుంచి మొదలయ్యే 400 బ్రెవేకు వెళ్లారు. రాత్రి పదిన్నరకు ఫోను వచ్చింది. కల్వకుర్తి దాటి, డిండి ప్రాజెక్టు దగ్గర, 262వ కిలోమీటరులో ఉన్నారు.

"వైరు తెగినట్టుంది తమ్మీ. వెనక గొలుసు చిన్నదాని మీదికి జారింది, ఇగ కదుల్తలేదు."

కేబులు తెగితే స్ప్రింగు ఆర్‌డీని బయటి వైపుకు లాగేస్తుంది. గొలుసు 11 పళ్ల చక్రం మీద పడి అక్కడే ఉంటుంది. ఆ గేరుతో 138 కిలోమీటర్లు తొక్కడం మోకాళ్లకు శిక్ష. నేను చెప్పింది ఇది: "ముందట చిన్న రింగు మీద ఎయ్యుండ్రి సార్. ఆర్‌డీ మీద రెండు బుడ్డ స్క్రూలుంటయి, హెచ్ అని రాసిన దాన్ని చూడుండ్రి. పెడల్ చేత్తో తిప్పుకుంట దాన్ని మెల్లగ బిగించుండ్రి, గొలుసు లోపలికి ఎక్కుతది." ఫోను స్పీకరులో పెట్టి, తలకు కట్టిన లైటు వెలుగులో ఆయన తిప్పారు. గొలుసు 13 పళ్ల చక్రం దాకా వచ్చి ఆగింది. స్క్రూలో అంతకు మించి మర లేదు. ముందు 34, వెనుక 13: ఆ ఒక్క గేరుతో తెల్లవారేదాకా తొక్కి, 27 గంటల గడువుకు 50 నిమిషాల ముందు చేరారు.

సైకిలు షాపుకు వచ్చాక లీవరు మీది రబ్బరు మడిచి, అడుగున ఉన్న చిన్న మూత విప్పాను. కేబులు తల డ్రమ్ములో ఇరుక్కొని ఉంది. దాని చుట్టూ తెగిన పోగులు ముళ్లపందిలా నిక్కబొడుచుకొని పళ్ల మధ్యకు దూరాయి. టార్చి నోట్లో పట్టుకొని, గుండుసూదితో ఒక్కొక్క పోగునూ వెనక్కి వంచుతూ, సన్నమూతి పట్టుకారుతో లాగుతూ తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. చివరి పోగు నా బొటనవేలి గోటి కిందికి దిగింది. అప్పటి నుంచి నా షాపులో ఒక నియమం పెట్టుకున్నాను: ఇలాంటి లీవరున్న సైకిలుకు ప్రతి 5,000 కిలోమీటర్లకు ఇన్నర్ కేబులు, బాగున్నా సరే, మార్చాలి.

సార్ మళ్లీ బ్యాటరీ మాట ఎత్తారు. ఈసారి ఇంకా గట్టిగా అడిగారు. నేనే వద్దన్నాను. కేబులు ధర 350 రూపాయలు. దాన్ని జూలైలో నేను మార్చి ఉంటే డిసెంబరులో తెగేది కాదు. నా తప్పుకు ఆయన చేత లక్షన్నర ఖర్చు పెట్టించడం న్యాయం కాదనిపించింది. అమ్ముకుంటే నాకు లాభమే కదా అని మా తమ్ముడు నసిగాడు. వాడిది వాడి లెక్క.

చేయి చెప్పిన సంగతి

కథ మలుపు తిరిగింది ఫిబ్రవరి 600 బ్రెవే తరువాత. ఈసారి సైకిలుకు ఏమీ కాలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి సార్ ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారాయి. సాయంత్రానికి ముందు గేరును పెద్ద రింగు మీదికి నెట్టే బలం చేతిలో లేకపోయింది. చివరి 90 కిలోమీటర్లు కుడిచేతిని ఇటు తెచ్చి ఎడమ లీవరును నెట్టారట. ఇంటికి వచ్చిన వారం తరువాత కూడా చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైంది.

డాక్టరు చెప్పింది అల్నార్ నరం మీద మణికట్టు దగ్గర ఒత్తిడి అని. దూరాలు తొక్కేవాళ్లలో ఇది బాగా తెలిసిన బాధే. అరచేతి చిటికెన వేలి వైపు భాగాన్ని గంటల తరబడి హ్యాండిల్ మీద మోపడం వల్ల, అక్కడి ఇరుకు దారిలో పోయే నరం నలుగుతుంది. ఆ నరం రెండు వేళ్ల స్పర్శకే కాదు, వేళ్లను పక్కలకు కదిపే చిన్న కండరాలకు కూడా ఆధారం. రోడ్డు సైకిలు మెకానికల్ లీవరును నెట్టేది సరిగ్గా ఆ పక్క కదలికతోనే.

ఇక్కడ కూడా గేర్ల జోలికి ముందు పోలేదు. సీటు ముక్కు కిందికి వంగి ఉంది; దాని వల్ల ఒళ్లు ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతోంది. దాన్ని సమానం చేశాను. హ్యాండిల్‌ను 15 మిల్లీమీటర్లు పైకి లేపి, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ 10 మిల్లీమీటర్లు పొట్టిది వేసి, టేపు రెండు పొరలు చుట్టాను. పది నిమిషాలకొకసారి చేతులు ఉంచే చోటు మార్చమన్నాను. చేయి పాడైందని వచ్చినవాళ్లకు గేర్లు అమ్మే ముందు ఈ పని చేయకపోతే, మెకానిక్కు రోగాన్ని వదిలేసి మాత్ర అమ్మినట్టే. రెండు నెలల్లో మొద్దుబారడం చాలావరకు తగ్గింది. బలం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

అప్పుడు సార్ ఒక పని చేశారు, అది ఆయనకే తట్టాలి. కాలేజీ ల్యాబు నుంచి స్ప్రింగు త్రాసు తెచ్చి, లీవరు కొసకు తగిలించి లాగి చూశారు. కొత్త కేబులు, కొత్త ఔటర్ ఉన్నప్పటికీ, ముందు గొలుసును పెద్ద రింగు మీదికి ఎక్కించడానికి త్రాసు దాదాపు మూడు కిలోలు చూపింది; లీవరు కదలవలసిన దూరం కూడా ఎక్కువే. ఆ తరువాత వారం ఒక మిత్రుని సైకిలు మీది ఎలక్ట్రానిక్ బటన్‌కు అదే త్రాసు ఆనిస్తే ముల్లు పావు కిలో దాటలేదు. ఒక బ్రెవేలో ఈ పని వందల సార్లు చేయాలి. ఆ రోజు నేనే అన్నాను, "ఇప్పుడు ఏద్దాం సార్" అని.

ఏది ఎంచుకున్నాం

ఎలక్ట్రానిక్ గేర్లు కొత్తవేమీ కావు. 1990లలోనే ఫ్రాన్సుకు చెందిన మావిక్ వాటిని తెచ్చింది, నిలబడలేదు. 2009లో జపాన్ కంపెనీ షిమానో తన అత్యున్నత శ్రేణి డ్యూరా-ఏస్‌లో డీఐ2 పేరుతో తెచ్చినవే నిలిచాయి. 2015లో అమెరికా కంపెనీ స్రామ్ తీగలే లేని ఈట్యాప్‌ను ప్రకటించింది. మధ్యతరగతివాళ్లు కొనే షిమానో 105 శ్రేణికి డీఐ2 వచ్చింది 2022లో. ఆ ఏడాది పన్నెండు గేర్ల 105ను ఎలక్ట్రానిక్‌గా మాత్రమే ఇచ్చిన షిమానో, 2023లో మళ్లీ కేబులుతో నడిచే పన్నెండు గేర్ల 105ను కూడా మార్కెట్లో పెట్టింది. కేబులు పని అయిపోయిందని చెప్పేవాళ్లకు నేను ఈ రెండు సంవత్సరాలే గుర్తుచేస్తాను.

మా ముందున్నవి రెండు పద్ధతులు. ఒకటి, సీటుపోస్టు లోపల ఒకే పెద్ద బ్యాటరీ ఉండి, అక్కడి నుంచి రెండు డిరైలర్లకూ తీగలు పోయే రకం. రోడ్డు సైకిళ్లకు మేము చూసిన షిమానో పన్నెండు గేర్ల డీఐ2 ఇలాంటిదే, లీవర్లు మాత్రం తీగ లేకుండా మాట్లాడతాయి. ఒక చార్జికి సుమారు 1,000 కిలోమీటర్లని కంపెనీ లెక్క. రెండోది స్రామ్ పద్ధతి: ఏ డిరైలర్ బ్యాటరీ దానిదే, సుమారు 60 గంటల సవారీకి వస్తుందని వాళ్ల మాట, రెండూ ఒకే సైజువి కనుక వెనుకది అయిపోతే ముందుదాన్ని తీసి వెనుక తగిలించుకోవచ్చు. 40 గంటల 600 బ్రెవేకు రెండూ సరిపోతాయి. దారిలో బ్యాటరీ మార్చుకునే వీలు రెండోదానిలో ఉంది. తరచూ చార్జింగు పెట్టే బాధ మొదటిదానిలో తక్కువ.

మన ఊళ్లలో అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది, దాన్ని పెద్ద నగరాలవాళ్లు అడగరు. లీవర్లలో ఉండే బిళ్ల బ్యాటరీ ఏది? స్రామ్ లీవర్లలో ఉండేది సీఆర్ 2032. అది దేవరకొండలోనైనా, మిర్యాలగూడలోనైనా వాచీల దుకాణంలో దొరుకుతుంది. షిమానో పన్నెండు గేర్ల లీవర్లకు కావలసింది సీఆర్ 1632, 105 శ్రేణిలో ఒక్కో లీవరుకు రెండు; మండల కేంద్రంలో ఆ పేరు చెబితే దుకాణదారు 2032 తీసి చేతిలో పెడతాడు. ఒక జత సీటు కింది సంచిలో వేసుకుంటే సరిపోయే సమస్యే, కాని వేసుకోవాలని ముందు తెలిసి ఉండాలి.

సార్ పెద్ద బ్యాటరీ ఉండే రకమే కోరారు. ఇప్పుడున్న చక్రం హబ్బుకే పన్నెండు స్ప్రాకెట్ల క్యాసెట్ పట్టడం అందుకు ఒక కారణం. చక్రాలు మార్చే ఖర్చు తప్పింది. ఇక్కడ ఒక హెచ్చరిక: 105 డీఐ2 లీవర్లు డిస్క్ బ్రేకులకు మాత్రమే వస్తాయి. రిమ్ము బ్రేకుల సైకిలున్నవాళ్లు ఆ శ్రేణి ధర చూసి ఆశపడి నా దగ్గరికి వస్తే, నేను నిరాశపరచక తప్పడం లేదు. ఇంకొకటి, డిస్క్ సైకిలులో బ్రేకు లీవరూ గేరు లీవరూ ఒకటే కనుక, గేర్లు మార్చడమంటే బ్రేకు గొట్టాలు విప్పడం, మినరల్ ఆయిల్ మళ్లీ నింపి గాలి తీయడం కూడా. ఈ పనికి నాకు రెండు రోజులు పట్టింది. లీవర్లు, డిరైలర్లు, క్రాంకు, క్యాసెట్, గొలుసు, బ్యాటరీ, చార్జరు, తీగలు, నా కూలి కలిపి బిల్లు 1,58,000 రూపాయలైంది.

అన్నిటికన్నా విలువైన పని మాత్రం పానా పట్టకుండా, ఫోనులోని యాప్‌తో చేశాను. ముందు డిరైలర్ ఎప్పుడు కదలాలో వెనుకదాని స్థానాన్ని బట్టి అదే నిర్ణయించుకునే అమరిక ఒకటుంది. దాన్ని పెట్టాక సార్ కుడిచేతి రెండు బటన్లతోనే ముందు, వెనుక గేర్లన్నీ నడుపుతున్నారు. ఎడమచేతికి బ్రేకు తప్ప పని లేదు. కేబులుతో ఇది సాధ్యం కాదు, ఎంత మంచి కేబులు వేసినా కాదు.

బ్యాటరీ వచ్చాక వచ్చిన ఫిర్యాదులు

మే నెల నుంచి అక్టోబరు దాకా ఒక్క ఫిర్యాదూ లేదు. అక్టోబరులో మొదటిది: "గేరు ఎక్కుతలేదు తమ్మీ." వినగానే ఇద్దరం నవ్వుకున్నాం. కోతల కాలం, సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వడ్ల కుప్ప అంచున పెట్టిన రాయిని తప్పించబోయి సార్ మెల్లగా కుడివైపు ఒరిగారు. మోటారు దెబ్బతినకుండా ఆర్‌డీ తనకు తాను పట్టు వదిలేసింది. బటన్ నొక్కి పట్టుకొని దాన్ని తిరిగి పనిలోకి తేవచ్చు, తెచ్చాను. అయినా మూడు, నాలుగు గేర్ల దగ్గర గొలుసు గరగరలాడింది. గేజ్ పెడితే హ్యాంగర్ ఏడు మిల్లీమీటర్లు వంగింది. లక్షన్నర సరుకుకు మందు అదే పాత గేజ్.

అదే వారంలో జాకీ వీలు (ఆర్‌డీలో గొలుసు తిరిగే చిన్న చక్రం) చుట్టూ వరిగడ్డి చుట్టుకొని ఉండగా కూడా చూశాను. ఇక్కడ కేబులు గేరుకు ఉన్న ఒక సుగుణం చెప్పాలి. గడ్డి చుట్టుకున్నా, ఔటర్‌లో మట్టి చేరినా, కేబులు లీవరును బరువెక్కిస్తుంది. చేతికి వారాల ముందే తెలుస్తుంది. బటన్‌కు ఆ బరువు తెలియదు. మొదటి రోజున ఎంత మెత్తగా ఉందో, లోపల ఇరుక్కుపోయిన రోజునా అంతే మెత్తగా ఉంటుంది. అందుకని ఎలక్ట్రానిక్ గేర్లవాళ్లు చేత్తో గమనించలేనిదాన్ని కంటితో చూసుకోవాలి, వెనుక చక్రం పక్కన వంగి చూసే అలవాటు చేసుకోవాలి.

రెండో ఫిర్యాదు నవంబరులో. సైకిలును కారులో అచ్చంపేట దాకా తెచ్చి, అక్కడి నుంచి మన్ననూరు మీదుగా ఈగలపెంటకు పోవాలని బయలుదేరారు. మన్ననూరు ఘాట్ ఎక్కుతుండగా ముందు డిరైలర్ కదలడం మానేసింది, అదీ పెద్ద రింగు మీద ఉండగా. బ్యాటరీ తగ్గినప్పుడు ముందుగా ముందు డిరైలర్‌ను ఆపి, మిగిలిన కాస్త కరెంటును వెనుకదానికి దాచడం ఈ పద్ధతిలో కావాలని పెట్టిన ఏర్పాటే. ఫోనుకు రోజూ చార్జింగు పెట్టే మనిషి, సైకిలుకు ఏడు వారాలు పెట్టలేదు. ఎర్ర లైటు వెలిగింది, ఆయన చూసుకోలేదు. కేబులు తెగితే గొలుసు చిన్న చక్రం మీదికి జారిపోతుంది. బ్యాటరీ అయిపోతే ఉన్నచోటే నిలిచిపోతుంది. ఆ తేడా తెలిసి ఉంటే ఎర్ర లైటు కనిపించగానే ముందు చిన్న రింగు మీదికి, వెనుక మధ్య గేరులోకి వేసుకొని ఊపిరి పీల్చుకోవచ్చు. సార్ మాత్రం 50 పళ్ల రింగుతోనే, లేచి నిలబడి తొక్కుతూ మన్ననూరు చేరి, చాయ్ హోటలులో పవర్ బ్యాంకుతో అరగంట చార్జింగు పెట్టి, ఈగలపెంట ఆలోచన మానుకొని వెనక్కి తిరిగారు.

ఇప్పుడు నెల మొదటి తారీఖున చార్జింగు. ఎండాకాలంలో కారులో సైకిలు వదిలి పెళ్లికి పోకూడదు. మన మే నెల ఎండలో అద్దాలు మూసిన కారు లిథియం బ్యాటరీకి పొయ్యి లాంటిది. కారులో పెట్టేటప్పుడు సంచులు లీవరు బటన్ల మీద ఒరగకుండా చూడటం కూడా అవసరం.

డబ్బు లెక్క

ఈ లెక్క సార్ స్వయంగా బోర్డు మీద వేసినట్టు వేశారు. కేబుళ్లతో ఉన్నప్పుడు ఆయనకు ఏటా రెండు దఫాల ఇన్నర్లు, ఒక దఫా ఔటర్లు, కూలి కలిపి 3,000 రూపాయలయ్యేవి. ఆ ఖర్చు మిగలడం వల్లనే 1,58,000 తిరిగి రావాలంటే యాభై ఏళ్లు దాటుతుంది. గొలుసు, క్యాసెట్ ఖర్చు రెండింటికీ తప్పదు, పైగా పన్నెండు గేర్లవి ఖరీదు ఎక్కువ. ఆర్‌డీ పగిలితే, నేను తెప్పించే ధరల్లో, ఎలక్ట్రానిక్‌ది మెకానికల్‌దానికి నాలుగింతలు. వేగం పెరిగిందా అంటే, సాగర్ పోయి వచ్చే సమయంలో తేడా ఏమీ కనిపించలేదు. సైకిలు బరువు తగ్గలేదు.

అంటే డబ్బు లెక్కలో ఇది ఎప్పటికీ గిట్టదు. గిట్టే చోటు వేరే ఉంది. ఈ జనవరిలో సార్ మళ్లీ 400 పూర్తి చేశారు, చివరి కంట్రోలు (బ్రెవే కార్డు చూసే చోటు) దగ్గర ఎడమచేత్తో సంతకం చేసి ఆ కార్డు ఫోటో నాకు పంపారు. ఆయన ఎడమచేతి వాటం మనిషి. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావాళ్లలో ఎక్కువమందికి నేను వద్దనే చెబుతున్నాను. వారానికి వంద కిలోమీటర్లు తొక్కేవాడికి ఏడాదికొక కేబులు చాలు. కొత్త సైకిలు కొంటున్నవాడు, కేబుళ్లు హెడ్‌సెట్ (హ్యాండిల్ కింద ఫోర్కు తిరిగే బేరింగులు) లోపలి నుంచి పోయే మోడలు ఎంచుకుంటే మాత్రం ఆలోచించమంటాను. ఆ మలుపుల్లో కేబులు రాపిడి ఎక్కువ, మార్చాలంటే నాకు సగం రోజు పని. చేతికి వాతమో, పాత దెబ్బో, నరాల బాధో ఉన్నవాళ్లు వస్తే ముందు సీటు, హ్యాండిల్ సరిచేసి, అప్పటికీ లీవరు నెట్టలేకపోతే, ధర సంగతి రెండోసారి అడగను.

సార్ పాత గేర్లు అట్టపెట్టెలో కొన్నాళ్లు ఉండి, మహబూబ్‌నగర్‌లో డిప్లొమా చదువుతున్న ఒక అబ్బాయి సైకిలుకు ఎక్కాయి. సార్ డబ్బులు తీసుకోలేదు. నేను కొత్త ఇన్నర్లు వేసి, తరువాత మార్చవలసిన కిలోమీటరు అంకెను స్టిక్కరు మీద రాసి స్టెమ్ కింద అంటించాను. నెల తిరగకుండానే వాడు బస్సు మీద సైకిలు వేసుకొని వచ్చాడు. "అన్నా, గేరు పడ్తలేదు. ఎప్పటికైనా బ్యాటరీదే ఏసుకోవాల్నా?" అన్నాడు. గేజ్ పెట్టాను. ఆరు మిల్లీమీటర్లు.

"బస్సు మీద ఎట్ల కట్టినవ్‌రా?" అని అడిగాను.

"పండవెట్టి."

"ఏ పక్కకు?"

వాడు కుడిచేయి చూపించాడు.